వనరులు అయిపోతున్నా జనాభా ఎలా పెరుగుతూ పోతుంది? వెంటనే ఎందుకు తగ్గదు?

ఒక ప్రాంతం ఎప్పటికీ పోషించగల జీవుల సంఖ్యను ధారణ సామర్థ్యం అంటారు. దాన్ని దాటిపోవడమే ఓవర్‌షూట్. దాటిన రోజే ఆకలి మొదలవదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. వడ్డీతో బతకాల్సినవాళ్లు అసలు కూడా తినడం మొదలుపెడితే, కొన్నాళ్లపాటు ఇల్లు బాగానే గడుస్తుంది కదా, అలా అన్నమాట.

అలాస్కా దగ్గర బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్‌లను (మంచు ప్రాంతాల్లో బతికే జింకలు) వదిలారు. వాటిని వేటాడే తోడేళ్లు లేవు. నేలంతా లైకెన్ (నాచులా కనిపించే ఒక జీవి) మందంగా పరుచుకుని ఉండేది, చలికాలంలో వాటికి అదే తిండి. 1957కల్లా మంద 1,350కి చేరింది, 1963కల్లా సుమారు 6,000కి. కానీ లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్నదాన్ని మంద కొన్నేళ్లలో మేసేసింది. జంతువులు బక్కచిక్కాయి. 1963-64 చలికాలం విపరీతంగా ఉండటంతో మందకు మందే కూలిపోయింది. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42. వాటిలో మగది ఒక్కటే. దూడ ఒక్కటీ లేదు.

చాలామంది తప్పంతా ఆ చలిదే అనుకుంటారు. నా ఉద్దేశంలో చలి చివరి దెబ్బ మాత్రమే, లైకెన్ మిగిలి ఉంటే చాలావరకు తట్టుకునేవి. ఇంకో సంగతి, మేసేసిన నేల వెంటనే కోలుకోదు. అంటే ఓవర్‌షూట్ తర్వాత ఆ ప్రాంతం పోషించగల సంఖ్య కూడా మునుపటికన్నా పడిపోతుంది.