లాగౌట్ కాగానే స్క్రబ్ ఆగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: ఇంట్లోని లినక్స్ సర్వర్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్‌సిస్టమ్) డిస్క్ మీద దాదాపు 4 టీబీ డేటా ఉంది. రాత్రి ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, సుడోతో స్క్రబ్ (డిస్క్‌లోని డేటా అంతా చదివి తప్పులు వెతికే పని) మొదలుపెట్టి లాగౌట్ అవుతున్నాను. పొద్దున చూస్తే మధ్యలోనే ఆగిపోయి ఉంటోంది. స్క్రబ్ తనంతట తానే బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్తుంది కదా? కమాండ్ ముందు నోహప్ పెట్టినా ఇంతే.

జవాబు: బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్తుంది, నిజమే. కానీ మీ లాగిన్ సెషన్ దాటి బయటికి పోదు. సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) ఉన్న మెషీన్లలో మీరు లాగిన్ అయ్యాక మొదలయ్యే ప్రతి ప్రాసెస్‌నూ, లాగిన్‌లను చూసుకునే దాని భాగం లాగిన్‌డి, ఒకే సీగ్రూప్‌లో (కెర్నల్ కలిపి లెక్కించే ప్రాసెస్‌ల గుంపు) ఉంచుతుంది. సుడోతో నడిపినవీ అందులోనే ఉంటాయి. 'కిల్‌యూజర్‌ప్రాసెసెస్' సెట్టింగ్ 'యెస్' అయి ఉంటే, సెషన్ ముగియగానే ఆ సీగ్రూప్‌లో మిగిలినవన్నీ చంపేస్తుంది. నోహప్ చేసేది టెర్మినల్ తెగినప్పుడు వచ్చే హ్యాంగప్ సిగ్నల్‌ను పట్టించుకోకుండా ఉండటం, అంతే. సీగ్రూప్ నుంచి తప్పించడం దాని వల్ల కాదు.

ముందు /ఈటీసీ/సిస్టమ్‌డి/లాగిన్‌డి.కాన్ఫ్ ఫైల్‌లో ఆ లైన్ చూడండి. 2016లో వచ్చిన సిస్టమ్‌డి 230 దీన్ని డిఫాల్ట్‌గా 'యెస్' చేసింది. డెబియన్ లాంటి కొన్ని డిస్ట్రోలు 'నో' గానే ఉంచాయి. అందుకే ఒకరి మెషీన్‌లో ఆగని పని ఇంకొకరి దగ్గర ఆగుతుంది. అలాగని ఈ ఒక్క పని కోసం సెట్టింగ్ మార్చమని చెప్పం. స్క్రబ్‌ను సెషన్ బయట, సిస్టమ్ సర్వీసుగా నడపడమే సరైన దారి:

సుడో సిస్టమ్‌డి-రన్ --యూనిట్=స్క్రబ్1 బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ స్టార్ట్ -బీ /డేటా

టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే, '-బీ' మాత్రం పెద్ద అక్షరం. '/డేటా' అంటే మీ డిస్క్ మౌంట్ అయిన చోటు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. '-బీ' లేకపోతే స్క్రబ్ కమాండ్ పిల్ల ప్రాసెస్‌కు పని అప్పగించి తాను ముగిసిపోతుంది. సర్వీస్ పని అయిపోయిందనుకుని సిస్టమ్‌డి ఆ పిల్ల ప్రాసెస్‌నూ చంపేస్తుంది. '-బీ' పెడితే స్క్రబ్ ముగిసేదాకా కమాండ్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇక నిశ్చింతగా లాగౌట్ అవ్వండి. ఎంతవరకు వచ్చిందో 'బీటీఆర్‌ఎఫ్‌ఎస్ స్క్రబ్ స్టేటస్ /డేటా' చెబుతుంది, చివరి ఫలితం 'జర్నల్‌సీటీఎల్ -యు స్క్రబ్1'లో ఉంటుంది. డిస్క్ సెకనుకు 150 ఎంబీ చదివితే 4 టీబీకి సుమారు ఏడున్నర గంటలు. సరిచేయలేని తప్పులు దొరికితే కమాండ్ 3 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది, యూనిట్ 'ఫెయిల్డ్' అని కనిపిస్తుంది. అప్పుడు అదే పేరుతో మళ్లీ నడపాలంటే ముందు 'సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్ స్క్రబ్1' కొట్టాలి. మళ్లీ నడిపేముందు ఏ ఫైళ్లు పాడయ్యాయో కెర్నల్ లాగ్‌లో తప్పక చూసుకోండి.

ఇప్పటిదాకా సగంలో ఆగినవి వృథా కాలేదు. స్క్రబ్ ఎక్కడిదాకా వచ్చిందో /వార్/లిబ్/బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రాసి ఉంటుంది. పై కమాండ్‌లో 'స్టార్ట్' బదులు 'రెజ్యూమ్' పెడితే అక్కడి నుంచి సాగుతుంది. బ్యాలెన్స్ (డేటాను డిస్క్‌లో మళ్లీ సర్దే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పని) విషయం వేరు: దాని స్థితి ఫైల్‌సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి, మధ్యలో మెషీన్ రీబూట్ అయినా మళ్లీ మౌంట్ కాగానే తనంతట కొనసాగుతుంది. అది వద్దనుకుంటే 'స్కిప్_బ్యాలెన్స్' ఆప్షన్‌తో మౌంట్ చేయాలి.

ప్రశ్న: ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్‌సిస్టమ్‌లను తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేను కూడా ఇలాగే సర్వీసుగా నడపవచ్చా?

జవాబు: వద్దు. సరిచేయాలా అని అది మధ్యలో అడుగుతుంది, సర్వీస్‌కు జవాబిచ్చే టెర్మినల్ ఉండదు. ముందు డిస్క్‌ను అన్‌మౌంట్ చేయండి. టీమక్స్ (మీరు బయటికి వచ్చినా లోపలి పని సాగే టెర్మినల్ ప్రోగ్రామ్) తెరిచి అందులో ఈ2ఎఫ్‌ఎస్‌సీకేను '-సీ 0'తో (ఇక్కడా సీ పెద్ద అక్షరమే) నడిపితే ప్రగతి కనిపిస్తుంది. కంట్రోల్-బీ, ఆ తర్వాత డీ నొక్కి బయటికి రండి. తిరిగి వచ్చాక 'టీమక్స్ అటాచ్'. అయితే పైన చెప్పిన సెట్టింగ్ 'యెస్' అయి ఉన్న మెషీన్‌లో టీమక్స్ కూడా చనిపోతుంది. అక్కడ ఒకసారి 'లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్' (లాగౌట్ అయ్యాక కూడా మీ యూజర్ సర్వీసులు నడవడానికి) ఇచ్చి, 'సిస్టమ్‌డి-రన్ --స్కోప్ --యూజర్ టీమక్స్' అని ప్రారంభించాలి.