తిన్న సంగటి కడుపులో ఏమవుతుంది?

జీర్ణక్రియను గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు పంపిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. మొదటి ప్రశ్న మిగిలినవాటికి మూలం కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి తిన్న రోజు రాత్రి ఎనిమిదింటి దాకా మాకు ఆకలి అనిపించదు. అన్నం, చారు తిన్న రోజు నాలుగింటికే ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. సంగటి అరగడానికి అంతసేపు పడుతుందా? అసలు తిన్నది లోపలికి వెళ్ళాక ఏ చోట, ఎలా అరుగుతుందో వివరంగా చెప్పగలరు.
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: అమ్మా, తిన్నది ఒంటపట్టాలంటే ముందు అది చాలా చిన్న అణువులుగా విడిపోవాలి. సంగటిలోని పిండిపదార్థం వేలాది గ్లూకోజు అణువులు గొలుసులుగా చేరి ఏర్పడినది. కోడిమాంసంలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాల గొలుసులు. చెనక్కాయలలోని నూనె గ్లిజరాల్, కొవ్వు ఆమ్లాల కలయిక. ఇంత పెద్ద అణువులు ఉన్నవి ఉన్నట్లుగా ప్రేగు గోడను దాటి రక్తంలోకి పోలేవు. వాటి బంధాలను నీటి సాయంతో తెంచే పని ఎంజైములది. ఆ ఎంజైములకు అందేంత మెత్తగా ఆహారాన్ని నలిపే పని పళ్ళది, జీర్ణాశయపు కండరాలది.

మన ప్రాంతంలో సంగటి తినే తీరును ఇక్కడ గమనించాలి. ముద్దలో గుంట చేసి పులుసు పోసుకొని, చిన్న ఉండలుగా తుంచి, పులుసులో అద్ది, చాలామంది నమలకుండానే మింగుతారు. అన్నమైతే ఎంతో కొంత నములుతాము. మూడు జతల లాలాజల గ్రంథుల నుంచి రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల లాలాజలం ఊరుతుంది. అందులోని అమైలేజ్ అనే ఎంజైము నోటిలోనే పిండిపదార్థాన్ని తెంచడం మొదలుపెడుతుంది. బాగా నమిలిన అన్నంలో ఆ ఎంజైము లోపలిదాకా కలిసి, జీర్ణాశయంలోని ఆమ్లం తనను చేరి ఆపేవరకు పని చేస్తూనే ఉంటుంది. మింగిన సంగటి ఉండకు మాత్రం లాలాజలం పైపైన అంటుతుందే గాని లోపలికి చేరదు. అంటే నోటిలో జరగవలసిన పనిలో చాలా భాగం తరువాతి అవయవాల మీద పడుతుంది.

మింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహికను పది సెకన్ల లోపే దాటుతుంది. తన బరువుతో అది జారిపోదు; గోడల కండరాలు వరుసగా ముడుచుకొంటూ దానిని కిందికి నెడతాయి. పడుకొని మింగినా ఆహారం జీర్ణాశయానికి చేరేది అందువల్లనే.

జీర్ణాశయం పైభాగం సంచిలా సాగి ఆహారాన్ని నిలువ ఉంచుకొంటుంది. కింది భాగం నిమిషానికి దాదాపు మూడుసార్లు గట్టిగా ముడుచుకొంటూ ఆహారాన్ని జఠరరసంతో కలిపి నలుపుతుంది. దాని చివర ఉన్న కండరపు ద్వారం రెండు మిల్లీమీటర్ల కన్న పెద్ద ముక్కలను మామూలుగా దాటనివ్వదు. పెద్దవి వెనక్కి మళ్ళి మళ్ళీ నలుగుతాయి. జఠరరసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాంసకృత్తుల మడతలను విప్పుతుంది, పెప్సిన్ వాటిని తెంచుతుంది. కోడిమాంసపు పీచులు ఇక్కడే మెత్తబడి విడిపోతాయి. ద్రవాలు ఈ ద్వారాన్ని త్వరగా దాటుతాయి కనుక అవే రాగులతో కాచిన అంబలి, గట్టి సంగటి కన్న ముందే జీర్ణాశయాన్ని ఖాళీ చేస్తుంది.

ఇలా జావగా మారిన ఆహారం కొంచెం కొంచెంగా చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగుతుంది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. జావతో వచ్చిన ఆమ్లం తగలగానే ఆంత్రమూలపు గోడ సెక్రెటిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అది క్లోమ గ్రంథిని చేరి క్షారరసాన్ని విడుదల చేయిస్తుంది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు 1902లో ఈ సంగతిని కనుగొన్నప్పుడే, నరాల ప్రమేయం లేకుండా రక్తం ద్వారా ఒక అవయవం మరొక అవయవానికి కబురు పంపగలదని తొలిసారి రుజువైంది. ఇలా కబురు మోసే పదార్థాలనే హార్మోనులు అంటారు. క్లోమరసంలో పిండిపదార్థాన్ని తెంచే అమైలేజ్, మాంసకృత్తులను తెంచే ట్రిప్సిన్, కొవ్వును తెంచే లైపేజ్ మూడూ ఉంటాయి. సంగటి ఉండకు నోటిలో తప్పిపోయిన పని అంతా ఇక్కడ పూర్తవుతుంది.

ఊరుబిండిలోని నూనె సంగతి వేరు. నూనె నీటిలో కలవదు, లైపేజ్ నీటిలో ఉంటుంది. కాలేయంలో తయారై పిత్తాశయంలో నిలువ ఉండే పైత్యరసం, తలంటులో కుంకుడుకాయ నురగ నూనె జిడ్డును విడదీసినట్లు, కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టి లైపేజ్‌కు అందిస్తుంది. కొవ్వు, మాంసకృత్తులు ఆంత్రమూలాన్ని తాకినప్పుడు కోలిసిస్టోకైనిన్ అనే మరొక హార్మోను విడుదలవుతుంది. అది పిత్తాశయాన్ని ముడుచుకొనేటట్లు చేయడమే కాక, జీర్ణాశయాన్ని నిదానించమంటుంది, మెదడుకు తృప్తి కలిగిందని తెలియజేస్తుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ హార్మోనులోనే ఉంది. సంగటి తిన్న రోజు మీకు ఆకలి ఆలస్యం కావడానికి రాగులు ఒక్కటే కారణం కాదు. పక్కన ఉన్న కోడిపులుసు, ఊరుబిండిలకు అందులో పెద్ద వాటా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే ఉంటుంది. ఆ పీచు కడుపు నిండుదనానికి తోడ్పడుతుంది, నిజమే. అయితే సంగటిలో బియ్యం కూడా ఉంటుంది, రెండింటిలోనూ ఉన్నది ప్రధానంగా పిండిపదార్థమే. అదే అన్నంలో చారుకు బదులు పప్పు, ఒక గుడ్డు, గుప్పెడు చెనక్కాయలు చేరితే నాలుగింటి ఆకలి కూడా వెనక్కి జరుగుతుంది. రాగులు మంచివే, మధుమేహం ఉన్నవారు మాత్రం సంగటి ఎంత తిన్నా చక్కెర పెరగదని అనుకోవడం ప్రమాదం. ముద్ద పరిమాణం చూసుకోవలసిందే.

చివరి దశ చిన్నప్రేగు గోడ మీద జరుగుతుంది. లోపలి పొర ముడతలు పడి, ఆ ముడతల మీద చూషకాలనే, వేళ్ళ ఆకారంలో ఉండే ఎంతో సన్నని మొలకలు లక్షలాదిగా లేచి ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరు కన్న పొడవు ఉండదు. వాటి కణాల అంచున ఉన్న ఎంజైములు మిగిలిన చిన్న గొలుసులను గ్లూకోజుగా, అమైనో ఆమ్లాలుగా తెంచి అక్కడికక్కడే లోపలికి తీసుకొంటాయి. ఇవి రక్తం ద్వారా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కొవ్వు మాత్రం శోషరస నాళాల దారి పట్టి, ఛాతీ దాకా పైకి వెళ్ళి అక్కడ రక్తంలో కలుస్తుంది.

ఈ గోడ దెబ్బతింటే ఎంత తిన్నా ఒంటపట్టదు. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులను బలిగొన్న స్ప్రూ అనే ప్రేగు జబ్బు అటువంటిదే. ఆయన కూడా యౌవనంలో ఆ జబ్బు బారిన పడ్డారు. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బు చికిత్సకే ఉపయోగపడింది. నేడు మన గర్భిణులందరికీ ఇస్తున్న మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఈ విషయం మన పిల్లలకు పాఠంగా చెప్పవలసినంత గొప్పదని నా నమ్మకం.

రాగుల పీచును తెంచే ఎంజైము మనిషి శరీరంలో లేదు. అది పెద్దప్రేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దానిని పులియబెట్టి తయారుచేసే చిన్న కొవ్వు ఆమ్లాలు పెద్దప్రేగు కణాలకు ప్రధాన ఇంధనం. మిగిలినది నీరు ఇంకి మలంగా మారుతుంది. ఇందుకు ఒక రోజు పట్టవచ్చు, రెండు రోజులూ పట్టవచ్చు.

ప్రశ్న: మాది పాడి ఉన్న ఇల్లు. చిన్నప్పుడు పాలు చెంబులతో తాగినవాడిని. ఇప్పుడు నలభై దాటాక గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బరం, ఒక్కోసారి విరేచనాలు. పెరుగన్నం మాత్రం పడుతోంది. పాలలోనే ఏదైనా కల్తీ ఉందేమోనని అనుమానం.
– ఒక రైతు, పుంగనూరు

జవాబు: మీ ఆవు పాలను మీరే అనుమానించవలసిన పని లేదు. పాలలోని చక్కెర పేరు లాక్టోజు. దానిని రెండుగా తెంచడానికి చిన్నప్రేగు చూషకాల అంచున లాక్టేజ్ అనే ఎంజైము కావాలి. పసితనంలో అది పుష్కలంగా ఉంటుంది. తల్లిపాలు మానిన తరువాత ప్రపంచంలో ఎక్కువమందికి అది క్రమంగా తగ్గిపోతుంది. దక్షిణ భారతదేశంలోనూ పెద్దవారిలో ఇది సర్వసాధారణం. ఇది వ్యాధి కాదు, శరీర స్వభావం.

తెగని లాక్టోజు పెద్దప్రేగు దాకా వెళ్ళి తనతోపాటు నీటిని లాగుతుంది, అందువల్ల విరేచనం. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువులను వదులుతాయి, అందువల్ల ఉబ్బరం. పాలు తోడుకొనేటప్పుడు పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజులో కొంత భాగాన్ని ముందుగానే లాక్టిక్ ఆమ్లంగా మార్చివేస్తాయి. పైగా వాటిలోని లాక్టేజ్ మీ ప్రేగులోకి వచ్చాక కూడా కొంత పని చేస్తుంది. పెరుగు, మజ్జిగ మీకు పడుతున్నది ఇందుకే.

పాలు పూర్తిగా మానవలసిన అవసరం లేదు. ఒకేసారి గ్లాసెడు కాకుండా, కాఫీలోనో భోజనంతోనో కొద్దిగా తీసుకొంటే చాలామంది తట్టుకోగలుగుతారు. కాల్షియం తగ్గుతుందన్న బెంగ వద్దు: పెరుగులో కాల్షియం పాలలో ఉన్నంతా ఉంటుంది, మీ ఇంటి రాగులలోనూ 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, అయితే రాగులలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్లనే పదార్థాల వల్ల అందులో కొంత భాగమే ఒంటికి అందుతుంది. ఉబ్బరంతోపాటు బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా మాత్రం పాలను నిందిస్తూ కూర్చోకుండా వైద్యునికి చూపించుకోండి.

ప్రశ్న: మాంసాన్ని కరిగించే ఆమ్లం కడుపులో ఉంటే, అది కడుపునే ఎందుకు కరిగించదు?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. జీర్ణాశయం లోపలి కణాలు చిక్కని జిగురు పొరను, దానితోపాటు క్షారాన్ని స్రవిస్తాయి. పొర పైన పీహెచ్ (ఆమ్ల తీవ్రతను తెలిపే కొలత; ఏడు తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు) రెండు దగ్గర ఉన్నా, పొర కింద కణాల వద్ద అది దాదాపు తటస్థంగా ఉంటుంది. పెప్సిన్ కూడా మొదట పనిచేయని రూపంలోనే విడుదలవుతుంది. ఆమ్లం తగిలాకే పదునెక్కుతుంది. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా లోపలి పొర కణాలు అరిగిపోతూనే ఉంటాయి, కొన్ని రోజులకొకసారి కొత్తవి వాటి స్థానంలోకి వస్తాయి.

జఠరరసం పని తీరును మనిషి కంటితో చూసిన సందర్భం ఒకటి ఉంది. అమెరికాలో 1822లో తుపాకీ గుండు తగిలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుని జీర్ణాశయానికి రంధ్రం పడింది, అది పూర్తిగా మూసుకోలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రం గుండా మాంసపు ముక్కలను దారానికి కట్టి లోపలికి వదిలి, గంటగంటకూ బయటకు తీసి చూశాడు. బయటకు తీసిన రసం సీసాలో కూడా మాంసాన్ని కరిగించింది. జీర్ణక్రియ రసాయన చర్య అన్న విషయం దీనితో స్థిరపడింది. ఆ పేదవాని శరీరాన్ని అన్నేళ్ళు ప్రయోగాలకు వాడుకోవడం న్యాయమేనా అన్న ప్రశ్న మాత్రం నేటికీ మిగిలే ఉంది.

రక్షణ పొర ఓడిపోయినప్పుడు పుండ్లు పడతాయి. కారమే కారణమని మన ఇళ్ళలో అంటారు గాని, ముఖ్య కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను గుర్తించినందుకు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. మోకాళ్ళ నొప్పికి మందుల దుకాణంలో చీటీ లేకుండా మాత్రలు కొని రోజూ పరగడుపున వేసుకొనే పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఈ సంగతి వారికి తప్పక చెప్పు.

ప్రశ్న: భోజనం మధ్యలో నీళ్ళు తాగితే జీర్ణరసాలు పలచబడి అన్నం అరగదని మా అత్తగారు వారిస్తారు. నిజమా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఆరోగ్యవంతులకు ఆ భయం అక్కరలేదు. మనం తిని తాగే నీరు రోజుకు సుమారు రెండు లీటర్లయితే, శరీరం తానుగా జీర్ణనాళంలోకి వదిలే రసాలు దాదాపు ఏడు లీటర్లు. ఈ తొమ్మిది లీటర్లలో మలంతో బయటకు పోయేది 200 మిల్లీలీటర్లకు మించదు, మిగిలినది అంతా ప్రేగులు తిరిగి పీల్చుకొంటాయి. అంత ప్రవాహంలో ఒక గ్లాసు నీరు తేడా తేదు. ఆమ్లం అవసరమైతే జీర్ణాశయం ఇంకాస్త స్రవిస్తుంది. ఛాతీలో మంట, పుల్లని త్రేనుపులు ఉన్నవారికి మాత్రం కడుపు ఉబ్బేటంత నీరు ఒకేసారి తాగడం ఇబ్బంది పెట్టవచ్చు. వారి విషయంలో మీ అత్తగారి మాట వినదగినదే.

ప్రశ్న: అలిపిరి నుంచి నడిచి కొండకు వెళ్ళేముందు కడుపునిండా టిఫిన్ తిన్నాను. వందల మెట్లు ఎక్కేసరికి వికారం, కడుపు బరువు. ఖాళీ కడుపుతో ఎక్కడమే మంచిదా?
– ఒక ఉద్యోగి, తిరుపతి

జవాబు: భోజనం తరువాత జీర్ణనాళానికి రక్తం ఎక్కువగా పారాలి, మెట్లు ఎక్కేటప్పుడు తొడలు, పిక్కల కండరాలు ఆ రక్తాన్నే కోరుకొంటాయి. శ్రమ తీవ్రమైనకొద్దీ ప్రేగులకు వెళ్ళే రక్తం తగ్గుతుంది, జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. నెయ్యి దోసె, వడ వంటి కొవ్వు పదార్థాలైతే అవి మామూలుగానే ఎక్కువసేపు నిలిచి ఉంటాయి కనుక బరువు మరింత తెలుస్తుంది.

అయితే 3,550 మెట్లు పూర్తిగా ఖాళీ కడుపుతో ఎక్కడమూ సరికాదు. బయలుదేరడానికి ఒక గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని, దారిలో గుక్కెడు గుక్కెడు నీరు తాగుతూ వెళ్ళడం మేలు. కడుపునిండా తినవలసి వస్తే రెండు మూడు గంటలు ఆగి బయలుదేరండి. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు నడక రోజున మోతాదు ఎలా ఉండాలో ముందే వైద్యుని అడగాలి, జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోవాలి. ఇంకొక మాట: ఎక్కుతున్నప్పుడు ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే దానిని అజీర్తి అనుకొని సోడా తాగి ముందుకు సాగవద్దు. అక్కడే కూర్చొని, పక్కనున్నవారికి చెప్పి, వెంటనే వైద్యసహాయం రప్పించుకోవాలి.