పీపా కొనేముందు వాసన చూడు, అల్లుడూ

హేస్టింగ్స్, హాక్స్ బే, న్యూజిలాండ్

అల్లుడూ,

ఇంట్లో తీసిన సారా నిలవబెట్టడానికి పాత వైన్ పీపా కొంటానని నువ్వు పంపిన ఫొటో రాత్రి పెద్దది చేసి చూశాను. మెర్లో అనే ఎర్ర వైన్ పోసిన ఫ్రెంచ్ ఓక్ పీపా, 225 లీటర్లది. రేటు కూడా తక్కువే. డబ్బులు ఇంకా ఇవ్వలేదన్నావు కదా, ఇవ్వకు. ముందు వెళ్లి వాసన చూడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి పీపాకి నేను ఆ పని సరిగ్గా చెయ్యలేదు. 30 లీటర్లది, తెలిసినవాళ్ల ద్వారా కొన్నాను. బిరడా తీస్తే లోపల పుల్లటి వాసన. వెనిగర్ అని ముక్కుకి తెలుస్తూనే ఉంది. అరవై శాతం ఆల్కహాల్ పోస్తే ఏ క్రిమి బతుకుతుందిలే అనుకున్నాను. క్రిమి చచ్చింది, నిజమే. అప్పటికే అది చెక్కలోకి ఎక్కించిన పులుపు మాత్రం అక్కడే ఉంది. ఆ పులుపు ఆల్కహాల్‌తో కలిసి నాలుగు నెలల్లో గోళ్ల రంగు తుడిచే మందు వాసన పట్టింది. ఏడాది పొడుగునా శని, ఆదివారాలు కూర్చుని బట్టీ పెట్టిన సరుకంతా పెరట్లో పారబోశాను. మీ అత్త ఆ రోజు ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కాబట్టి బిరడా తియ్యి. తియ్యగానే ముక్కు లోపల పెట్టెయ్యకు. వైనరీల వాళ్లు ఖాళీ పీపాలు చెడకుండా లోపల గంధకం వెలిగిస్తారు, ఆ పొగ గొంతు పట్టేస్తుంది. చేత్తో గాలి ముక్కువైపు విసురుకో. అగ్గిపుల్ల గీసిన వాసనొస్తే భయం లేదు, కడిగితే పోతుంది. ఎండు ద్రాక్ష, తడి చెక్క వాసనొస్తే కళ్లకద్దుకుని తెచ్చుకో. వెనిగర్, పశువుల కొట్టం, తడిసిన అట్టపెట్టె, ఈ మూడింట్లో ఏదొచ్చినా ఉచితంగా ఇస్తానన్నా వద్దు.

ఇక సైజు సంగతి. నీ బట్టీలో 25 లీటర్ల వాష్, అంటే కాచడానికి పులియబెట్టిన ద్రవం, పడుతుంది. అందులో ఆల్కహాల్ పది శాతం ఉంటే, కాచేటప్పుడు మొదట వచ్చేదీ చివర వచ్చేదీ తీసేశాక నీ చేతికొచ్చేది అరవై శాతం పైన మూడు లీటర్లు. 225 లీటర్లు ఎప్పటికి నింపుతావు? సగం నింపిన పీపా పైభాగం ఎండి పలకలు విడిపోతాయి. ఆ పెద్ద పీపానే పీపాలు కట్టే మేస్త్రీకిచ్చి 20 లీటర్లదిగా కోయించు. ఏడు దఫాల్లో నిండుతుంది. అందాకా సరుకు మూత బిగించిన గాజు సీసాల్లో దాచుకో. ఒకటి గుర్తుపెట్టుకో. పెద్దదాంతో పోలిస్తే 20 లీటర్ల పీపాలో లీటరుకు తగిలే చెక్క రెండింతలు పైనే. రంగు, రుచి తొందరగా దిగుతాయి, వగరు కూడా అంతే తొందరగా దిగుతుంది.

వైన్ తాగిన చెక్కని అలాగే వాడొచ్చు, గీకి కాల్చి కూడా వాడొచ్చు. నా ఓటు గీకడానికే. డాక్టర్ జిమ్ స్వాన్ అని స్కాట్లాండ్ విస్కీ నిపుణుడు ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. పాత వైన్ పీపాని గీకడం, సన్న సెగన వేయించడం, మళ్లీ మంటతో కాల్చడం. తైవాన్‌లో కవలాన్ వాళ్లు ఆయన సలహాతోనే అలాంటి పీపాల్లో విస్కీ చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

మేస్త్రీ దగ్గరే చేయిస్తే సరే. నువ్వే చేస్తానంటే, పై ఇనుప పట్టాలు వదులు చేసి మూత పలక తీసేముందు మూతకీ పక్క పలకలకీ కలిపి సుద్దతో ఒక గీత గియ్యి. మళ్లీ పెట్టేటప్పుడు ఆ గీతలు కలవకపోతే కారుతుంది. లోపల ఎర్రగా, అక్కడక్కడ పటికబెల్లం పలుకుల్లా మెరుస్తూ కనబడుతుంది. అవి వైన్ వదిలిన టార్టరేట్ స్ఫటికాలు, వేడినీళ్లకి కరుగుతాయి. ఎర్ర చెక్క పోయి గోధుమరంగు చెక్క కనబడేదాకా గీకు. మూత కూర్చునే గాడి జోలికి మాత్రం వెళ్లకు, అది అరిగితే ఆ పీపా మొక్కల తొట్టికే పనికొస్తుంది. తర్వాత గ్యాస్ టార్చితో కాల్చు. ముందు రొట్టె కాలిన వాసన, తర్వాత పైన నల్ల పొర పడి చెరువు అడుగులా సన్నగా బీటలిస్తుంది. అక్కడ ఆపెయ్యి. ఈ పనంతా ఆరుబయట, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని చెయ్యి. ఒక్కసారి సారా పోసిన పీపాలో టార్చి గానీ గంధకం గానీ వెలిగించకు. లోపల ఆవిరి అంటుకుని పేలుతుంది. ఈ ఒక్క మాట తప్పొద్దు, బాబూ.

ఇప్పుడు నీళ్లు. చిన్నప్పుడు మా నాన్న ఎండాకాలంలో బండి చక్రాలు తీసి చెరువులో నానేసేవాడు. ఎండకి చెక్క చిక్కిపోయి ఇనుప పట్టా గలగలమనేది. రెండు రోజులు నీళ్లలో ఉంటే చెక్క ఉబ్బి పట్టా బిగుసుకునేది. పీపా కూడా అంతే. వేడినీళ్లు పోసి నింపు. మొదట అన్ని సందుల్లోంచీ కారుతుంది, కంగారుపడకు. పట్టాల్ని సుత్తితో చుట్టూ తిరుగుతూ సమంగా కిందికి దిగ్గొట్టు. రోజూ నీళ్లు మార్చు. మూడోరోజుకి ఆగాలి. ఇంకా ఒకచోట చెమ్మగిల్లితే తేనెమైనం రుద్దు. జిగుర్లు, సిలికాన్ వద్దు.

కుళాయి నీళ్లు నేరుగా పొయ్యకు. 2016లో మన పక్కనున్న హేవ్‌లాక్ నార్త్‌లో నీళ్లు కలుషితమై వేలమంది జబ్బుపడ్డాక మన హేస్టింగ్స్‌లో క్లోరిన్ కలుపుతున్నారు. తాగడానికి మంచిదే గానీ, క్లోరిన్ చెక్కకి పడదు, బూజు వాసన పట్టిస్తుంది. కార్బన్ ఫిల్టర్‌లో వడగట్టి పొయ్యి. బ్లీచ్ అయితే పీపా దరిదాపులకి కూడా రానివ్వకు.

నీళ్లు వంపేసిన రోజే సారా పొయ్యాలి, అరవై శాతం దగ్గర. ఆల్కహాల్ కొలిచే మీటరు 20 డిగ్రీల వేడిమి దగ్గర చూడు. బట్టీలో మొదట వచ్చేది తీసి పారబోశావా లేదా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ఓక్ చెక్క మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌ని తియ్యదు. నిలవ ఉంచితే అన్నీ మంచివైపోతాయని ఎవరన్నా అంటే నమ్మకు.

పీపాని చెక్క స్టాండు మీద, బిరడా పైకి ఉండేట్టు పెట్టు. గ్యారేజీలో వేడినీళ్ల గ్యాస్ హీటర్ ఉందిగా, దానికి దూరంగా. రెండు వారాలకోసారి ఒక చెంచాడు తీసి, సమానంగా నీళ్లు కలిపి రుచి చూసి తేదీతో రాసుకో. నాలుక పక్కల వగరు పడుతోందంటే గాజులోకి తీసెయ్యి. నా ఇప్పటి పీపాలో మొదటి దఫా మూడు నెలలకే తయారైపోయింది, రెండోది ఏడు నెలలు తీసుకుంది. కొంత తగ్గుతుంది, బాధపడకు. స్కాట్లాండ్‌లో ఏడాదికి 2 శాతం ఆవిరైతే బెంగళూరులో అమృత్ విస్కీ వాళ్లకి 10 శాతం పైనే పోతుంది. చిన్న పీపాలో ఇంకా ఎక్కువే. తీసినరోజే మళ్లీ నింపేట్టు సరుకు సిద్ధంగా పెట్టుకో, ఎండనివ్వకు.

ఇంకొకటి. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి బట్టీ పెట్టుకోవచ్చు, ఒక్క సీసా అమ్మినా నేరమే. స్నేహితులు డబ్బులిస్తామంటే తీసుకోకు. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ బావకి ఈ ఉత్తరం చూపించి ఆశపెట్టకు, అక్కడ లైసెన్సు లేకుండా కుదరదు. ఇండియాలో మన ఊళ్లో సంగతి నీకు తెలిసిందే.

శనివారం పొద్దున నేనూ వస్తాను, ఇద్దరం కలిసి వాసన చూద్దాం. నా దగ్గర పట్టాలు దిగ్గొట్టే ఉలి, రెండు కొత్త బిరడాలు ఉన్నాయి, తెస్తాను. పదింటికల్లా రెడీగా ఉండు. అప్పటిదాకా అమ్మేవాళ్లకి మాట ఇవ్వకు.

మీ మావయ్య