బావగారి స్కానింగుకు వెళ్లేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బావగారి క్రియాటినిన్, అదే, కిడ్నీలు బయటికి పంపాల్సిన రక్తంలోని వ్యర్థం, 3 దాటిందని, ఎవరో పెద్ద స్కాన్ తీయించమన్నారని అక్క ఫోనులో చెప్పింది. మన ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు, ఎవరికి క్రియాటినిన్ పెరిగినా "ఇంకేముంది, ఉద్దానం జబ్బే" అని, ఇక్కడ చాలామందికి వచ్చే ఆ కారణం తెలియని కిడ్నీ జబ్బు పేరే ఊరంతా తేల్చేస్తుంది. మీ ఇంట్లోనూ ఆ మాట అప్పుడే మొదలైనట్టుంది. శ్రీకాకుళంలో ఎక్స్‌రే గదిలోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని కాబట్టి చెబుతున్నాను, లోపల ఏముందో చూడకముందే తేల్చెయ్యకండి. ఉద్దానంలో పుట్టినవాడికి మూత్రనాళంలో రాయి పడకూడదని ఎక్కడా లేదు, మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి పెరగకూడదనీ లేదు. మూత్రం దిగే దారికి అడ్డు పడినా క్రియాటినిన్ పెరుగుతుంది. ఆ అడ్డు సకాలంలో తీస్తే చాలామందికి మళ్లీ తగ్గుతుంది. అంతుచిక్కని కిడ్నీ జబ్బు అనే మాట, మిగతా కారణాలన్నీ లేవని తేలాక చివర రావాలి.

అందుకని ముందు మామూలు అల్ట్రాసౌండ్ చేయించు. ఖర్చు తక్కువ, రేడియేషన్ అసలే లేదు, సూదీ ఉండదు. పెద్దవాళ్లకు కిడ్నీ పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుంది. రెండూ బాగా చిన్నబడి, తెరమీద మామూలు కంటే తెల్లగా మెరుస్తుంటే జబ్బు చాలాకాలంగా నడుస్తోందని అర్థం. అలా కాక కిడ్నీ లోపల మూత్రం నిలిచి ఉబ్బి కనిపిస్తే అడ్డు ఎక్కడుందో వెతకాలి. రిపోర్టులో ఆ ఉబ్బుకే "హైడ్రోనెఫ్రోసిస్" అని రాస్తారు, ఆ మాట కనిపిస్తే, ఆ రోజే డాక్టరును కలువు, మరునాటికి వాయిదా వెయ్యకు. అవసరమైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే వీపు వైపు నుంచి సూదితో సన్నని గొట్టం కిడ్నీలోకి పంపి, నిలిచిన మూత్రం బయటికి తీస్తారు. రేడియాలజీ అంటే ఫోటోలు తీయడమే అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు. బావగారికి షుగరు కూడా ఉంది కదా, షుగరు వల్ల దెబ్బతిన్న కిడ్నీలు ఒక్కోసారి సైజు తగ్గకుండానే ఉంటాయి. కాబట్టి "సైజు నార్మల్" అని చదివి సంబరపడకు.

ఇక పెద్ద స్కాన్ సంగతి. సీటీలో రెండు రకాలు. రాయి కోసం అయితే మందు ఎక్కించకుండా తీసేదే చాలు. లోపలి భాగాలు స్పష్టంగా కనపడాలని నరానికి మందు ఎక్కించి తీసేది వేరు. అందులో వాడే అయోడిన్ మందు, పాడైన కిడ్నీకి ఇంకాస్త భారం కావచ్చు. అలాగని అది విషం కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలిసే ఎక్కిస్తారు. కానీ టేబుల్ మీద పడుకోకముందే క్రియాటినిన్ కాగితం వాళ్ల చేతిలో పెట్టు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటుంటే ఆ మాటా చెప్పు, ఎన్నాళ్లు ఆపాలో డాక్టరే చెబుతారు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు గానీ, దానికి వాడే గాడోలినియం మందు విషయంలోనూ కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మందు ఎక్కించే ఏ స్కానయినా సరే, ఈ కాగితం చూపించనిదే ఒప్పుకోకు.

డాక్టరు రాసిన చీటీ ఒకసారి చదువు. "స్కాన్ అబ్డామిన్", అంటే పొట్ట స్కాన్, అని రెండు ముక్కలే ఉంటే, ఏం కనుక్కోవాలో కూడా రాయమని మర్యాదగా అడుగు. ఫిల్ము తీసేది మావాళ్లు, చదివేది రేడియాలజిస్టు. ఆయనకు బావగారి సంగతేమీ తెలియదు. "క్రియాటినిన్ 3, అడ్డు ఉందా" అని ఒక్క వాక్యం ఉంటే ఆయన కన్ను అక్కడ ఇంకో నిమిషం ఆగుతుంది. రిపోర్టు చివర "క్లినికల్ కోరిలేషన్" అని ఉంటే కంగారు పడకు. మనిషిని చూసి, దీనితో పోల్చి నిర్ణయించండి అని ఆయన డాక్టరుకు చెబుతున్నాడు, అంతే. టెక్నీషియన్‌ను మాత్రం "ఏముందో చెప్పు బాబూ" అని వేధించకు. మేము ఆ ప్రశ్నకు మొహం తిప్పుకునేది పొగరుతో కాదు, చదివి చెప్పడం మా పని కాదు కాబట్టి.

పరగడుపున రమ్మంటే పరగడుపునే తీసుకెళ్లు. మూత్రసంచి నిండాలని లీటరు నీళ్లు తాగమంటారు. బావగారికి కాళ్ల వాపు ఉంటే, నీళ్లు తగ్గించమని డాక్టరు ముందే చెప్పి ఉంటే, స్కానింగు గదిలో ఆ మాట చెప్పాలి. అన్నట్టు, మొలతాడు, తాయెత్తు ఇంట్లోనే తీయించు. నడుం ఎక్స్‌రేలో తాయెత్తు అచ్చం రాయిలాగే కూర్చుంటుంది. దాన్ని పక్కకు జరిపించి రెండోసారి తీసిన ఫిల్ములు నా చేతిమీదుగా చాలా వెళ్లాయి. ఎమ్మారై అయితే ఒంటిమీద ఇనుప ముక్క కూడా ఉండకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.

రేడియేషన్ అంటే అక్కకు ఉన్న భయానికి ఈ లెక్క వినిపించు. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు, ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు తగిలేది మహా అయితే 0.1 మిల్లీసీవర్ట్. ఏ యంత్రం దగ్గరికీ పోని మనిషికి కూడా ప్రకృతి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 తగులుతుంది. పొట్ట సీటీ అయితే 8 దాకా ఉంటుంది. కాబట్టి ఎక్స్‌రేకు భయపడక్కర్లేదు, సీటీని ఊరికే తీయించక్కర్లేదు. "ఎందుకైనా మంచిది, ఒళ్లంతా తీసెయ్యండి" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

పాత ఫిల్ములు, రిపోర్టులు ఉన్నవన్నీ వెతికి తీసుకెళ్లు. రెండేళ్ల కిందటి రిపోర్టులో కిడ్నీ 10 సెంటీమీటర్లు ఉండి, ఇప్పుడు 8 అయితే, ఆ తేడా కొత్త యంత్రాలేవీ చెప్పలేవు. 2018 తిత్లీ తుపానులో తడిసి అంటుకుపోయినవి ఉంటే బలవంతంగా విడదీయకు, అలాగే తీసుకెళ్లు. ఇప్పటినుంచి ప్రతి రిపోర్టూ ఫోనులో ఫోటో తీసి పెట్టుకో.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు కదా. విశాఖ పరుగెత్తే ముందు అక్కడ కిడ్నీ డాక్టరుకు చూపించు. ముందుముందు డయాలసిస్ పడవచ్చని ఆయన అంటే, బావగారి ఎడమ ముంజేతికి సూదులు పొడవనివ్వకు. రేపు డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఫిస్ట్యులా ఆపరేషన్‌కు ఆ నరాలే కావాలి, ముందుగా రక్తప్రవాహం చూపించే డాప్లర్ స్కాన్‌తో కొలిచేదీ వాటినే. స్కానింగు గదిలో మందు ఎక్కించేటప్పుడు అరచెయ్యి వెనకవైపు పెట్టమని అడుగు.

రిపోర్టు రాగానే "ఇంప్రెషన్" అన్న చోట, అంటే రేడియాలజిస్టు చివర తేల్చి రాసిన చోట, ఏముందో ఫోనులో చదివి వినిపించు. రాత్రి తొమ్మిది దాకా మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య