చివరి స్థానంలో ఉన్న బేస్‌బాల్ జట్టులో మా అబ్బాయికి ఉద్యోగమా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ చేసి, ఇప్పుడు అమెరికాలో స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. 2026 మే నెలలో పూర్తవుతుంది. బేస్‌బాల్ జట్టు ఆఫీసులో అనలిస్టుగా చేరతానంటున్నాడు. కొలరాడో రాకీస్ ఘోరంగా ఓడిపోయి, పైనుంచి కిందిదాకా మనుషుల్ని మారుస్తోందట, చేరాలంటే ఇదే అదను అంటాడు. డాలస్‌లో ఉన్న మా బావమరిదేమో అదంతా పిచ్చి పని, సాఫ్ట్‌వేర్ చూసుకోమంటున్నాడు. ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉంటాయా? ఏం చెప్పమంటారు?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉంటాయండీ. మీ అబ్బాయి అదను గురించి చెప్పింది కూడా సగం నిజమే. అయితే జట్టును తిరిగి కట్టేటప్పుడు పేపర్లో పేర్లు వచ్చే కుర్చీలు వేరు, పాతికేళ్ళ కుర్రాడికి దొరికే కుర్చీలు వేరు. ఈ రెండోవి మూడు నాలుగు మెట్లు కింద ఉంటాయి. అవి ఒక వరుసలో, ఏడాదిలో కొన్ని నెలల్లోనే ఖాళీ అవుతాయి. ఆ వరుస తెలియకుండా మే నెలలో దరఖాస్తులు మొదలుపెట్టడమంటే నారు పోయకుండా నాట్లకు దిగినట్టే.

ముందు పదవుల సంగతి. బేస్‌బాల్‌లో 'మేనేజర్' అంటే ఆఫీసు మేనేజరు కాదు, మన క్రికెట్లో హెడ్ కోచ్ లాంటివాడు. ఆటగాళ్ళను కొనేది, అమ్మేది, ఎంపిక చేసేది ఫ్రంట్ ఆఫీస్. దానికి పైన బేస్‌బాల్ ఆపరేషన్స్ ప్రెసిడెంట్, ఆయన కింద జనరల్ మేనేజర్, వాళ్ళ కింద విభాగాలు: కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్ళను చూసే స్కౌటింగ్, డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి చోట్ల చూసే అంతర్జాతీయ స్కౌటింగ్, చేరిన కుర్రాళ్ళను తీర్చిదిద్దే ప్లేయర్ డెవలప్‌మెంట్, లెక్కలు చూసే ఆర్ అండ్ డీ, సాఫ్ట్‌వేర్ రాసే బేస్‌బాల్ సిస్టమ్స్. మీ అబ్బాయి చదువుకు తగ్గవి చివరి మూడు.

రాకీస్ 2025లో 162 ఆటల్లో 43 గెలిచి 119 ఓడింది. ఆ నవంబరులో పాల్ డిపోడెస్టాను పైపదవిలోకి తెచ్చారు. అంతకుముందు దాదాపు పదేళ్ళు ఆయన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు. ఆ పునర్నిర్మాణం ఎలా తేలుతుందో ఇప్పుడే చెప్పలేం కాబట్టి, మొదలు నుంచి ఫలితం దాకా కనిపించే బాల్టిమోర్ ఓరియోల్స్‌ను చూద్దాం.

ఓరియోల్స్ 2018లో 115 ఆటలు ఓడింది. సీజన్ అయిపోగానే పాత పెద్దనూ, మేనేజర్‌నూ ఇద్దర్నీ పంపేశారు. నవంబరులో మైక్ ఎలియాస్ జనరల్ మేనేజర్‌గా వచ్చారు. వెంటనే సిగ్ మైడెల్‌ను అనలిటిక్స్ కోసం తెచ్చుకున్నారు. మైడెల్ ఒకప్పుడు నాసాలో పనిచేసిన ఇంజనీరు. డిసెంబరులో బ్రాండన్ హైడ్ మేనేజర్ అయ్యారు. 2019 మొదట్లో అంతర్జాతీయ స్కౌటింగ్‌కు కోబీ పెరెజ్ వచ్చారు, ఎందుకంటే ఆ జట్టు అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ బజారునే దాదాపుగా వదిలేసింది. అమెరికా కుర్రాళ్ళను చూసే పాత స్కౌట్లను మాత్రం వెంటనే కదిలించలేదు. డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే ఏటేటా ఎంపిక) అయ్యాక, 2019 ఆగస్టులో కొందర్ని పంపారు. ప్లేయర్ డెవలప్‌మెంట్ డైరెక్టర్‌గా మాట్ బ్లడ్ వచ్చింది ఆ సెప్టెంబరులో.

ఈ ఆలస్యానికి కారణం క్యాలెండర్. ఈ రంగంలో చాలామంది స్కౌట్లు, సిబ్బంది కాంట్రాక్టులు అక్టోబరు 31తో ముగుస్తాయి. నవంబరులో వచ్చిన కొత్త పెద్దకు ఊపిరాడదు. నవంబరు మధ్యలోగా 40 మంది రక్షిత ఆటగాళ్ళ జాబితాలో ఎవరిని ఉంచుకోవాలో తేల్చాలి, లేకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఇతర జట్లు ఎగరేసుకుపోతాయి. డిసెంబరులోనే అన్ని జట్ల పెద్దలూ కలిసే వింటర్ మీటింగ్స్. జనవరి 15న అంతర్జాతీయ సంతకాలు మొదలు. ఫిబ్రవరి మధ్యలో శిక్షణ శిబిరం. ఈలోగా స్కౌట్లందర్నీ మార్చేస్తే, ఏడాదిగా కుర్రాళ్ళను చూసినవాళ్ళు ఒక్కరూ లేకుండా డ్రాఫ్ట్‌కు కూర్చోవాలి. పైగా వేరే జట్టులో కాంట్రాక్టులో ఉన్న మనిషిని పిలవాలంటే ఆ జట్టు అనుమతి కావాలి. పదోన్నతి అయితే సాధారణంగా ఒప్పుకుంటారు, అదే స్థాయి ఉద్యోగమైతే ఒప్పుకోరు.

అందుకే నా అంచనాలో, పునర్నిర్మాణం మొదలైన మొదటి చలికాలం కంటే రెండో శరదృతువులో కింది స్థాయి ఉద్యోగాలు ఎక్కువ తెరుచుకుంటాయి. అప్పటికి విభాగాధిపతులు కుదురుకుని, తమ కింద ఎవరు కావాలో తెలుసుకుని ఉంటారు. రాకీస్ విషయంలో అది 2026 ఆగస్టు నుంచి నవంబరు. ఇంకో చిక్కు ఉంది. ఆటగాళ్ళ సంఘంతో ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. గతసారి ఒప్పందం ముగిశాక యజమానులు ఆటగాళ్ళను బయటపెట్టిన లాకౌట్ 99 రోజులు నడిచింది. ఆఫీసు సిబ్బందికి లాకౌట్ వర్తించదు గానీ, డబ్బు రాకడ అనుమానంగా ఉన్నప్పుడు కొత్త నియామకాలు ఆపేయడం యజమానులకు తేలిక. దరఖాస్తులన్నీ నవంబరు లోపలే పడాలి. అలాగని ఒక్క రాకీస్‌నే పట్టుకుని కూర్చోవద్దు. 30 జట్లున్నాయి, ఎవరు ఎప్పుడు ఎవర్ని తీసేస్తారో వాళ్ళకే తెలియదు.

ఇక మీ అబ్బాయి చేతిలో ఏం ఉండాలి? డిగ్రీ ఒక్కటే చాలదు. జట్లు సాధారణంగా రాతపూర్వక ప్రశ్నలు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) పరీక్ష, ఆపైన ఇంటికిచ్చే ఒక డేటా పని పెడతాయి. దానికి సిద్ధపడే పద్ధతి ఒక్కటే, ముందుగానే ఒక సొంత ప్రాజెక్టు పూర్తిచేసి ఉండటం. ముడిసరుకు ఉచితం. బేస్‌బాల్ సావంట్ సైట్‌లో 2015 నుంచి వేసిన ప్రతి బంతి వివరం ఉంది, సీజన్‌కు సుమారు 7 లక్షల బంతులు. పైథాన్‌లో పైబేస్‌బాల్, ఆర్‌లో బేస్‌బాలార్ అనే ప్యాకేజీలతో దించుకోవచ్చు. వేగం, స్పిన్, వంపు, చేయి వదిలిన స్థానం ఆధారంగా బంతి నాణ్యతను అంచనా వేసే మోడల్ కట్టడం అందరూ చేసే మొదటి ప్రాజెక్టు. అందరూ చేసేదే అయినా ఫరవాలేదు, చూసేవాళ్ళు తప్పులు వెతుకుతారు కాబట్టి తప్పుల్లేకుండా చేస్తే అదే గుర్తింపు.

ఆ తప్పులు ఏమిటంటే, మొదటిది డేటాను బంతుల వారీగా యాదృచ్ఛికంగా విడగొట్టడం. ఒకే పిచర్ వేసిన బంతులు శిక్షణలోనూ పరీక్షలోనూ పడితే మోడల్ ఆ మనిషిని గుర్తుపట్టేస్తుంది, మార్కులు అబద్ధంగా బాగా వస్తాయి. పిచర్ల వారీగా విడగొట్టాలి, లేదా పాత సీజన్లతో నేర్పి కొత్త సీజన్‌పై పరీక్షించాలి. రెండోది, 2019నీ 2021నీ కలిపేయడం. 2020లో బంతిని కొలిచే లీగ్ వ్యవస్థ స్టాట్‌కాస్ట్ కొలత పరికరం ట్రాక్‌మ్యాన్ రాడార్ నుంచి హాక్‌ఐ కెమెరాలకు మారింది. 2021 జూన్‌లో బంతికి జిగురు పూసేవాళ్ళపై తనిఖీలు మొదలై స్పిన్ పడిపోయింది. ఈ రెండు గీతలూ తెలియని మోడల్, పిచర్లు చెడిపోయారనో బాగుపడ్డారనో తప్పుగా చెబుతుంది. మూడోది చిన్నదే గానీ తరచూ కనిపిస్తుంది: వంపు విలువలు అడుగుల్లో ఉంటాయి, అంగుళాలనుకుంటారు.

రాకీస్‌కే పంపాలనుకుంటే దానికో ప్రత్యేకమైన ప్రశ్న ఎంచుకోమనండి. డెన్వర్‌లోని వాళ్ళ మైదానం సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన, అందుకే బంతి తక్కువ వంగుతుంది, కొడితే ఎక్కువ దూరం పోతుంది. 2002 నుంచి బంతుల్ని తేమగదిలో ఉంచుతున్నా తేడా పూర్తిగా పోలేదు. వంపు మీద ఆధారపడే పిచర్లను తీసుకోవాలా, వేగం మీద బతికేవాళ్ళను తీసుకోవాలా? ఇంట్లో ఆడి పరాయి ఊరు వెళ్ళిన మొదటి రెండు మూడు రోజులు బ్యాటర్లు తడబడుతున్నారా? ఇలాంటి ప్రశ్నకు జాగ్రత్తగా ఇచ్చిన జవాబు పది సర్టిఫికెట్లకు సమానం. 2026 నుంచి అంపైర్ చెప్పే బాల్, స్ట్రైక్ (బంతి సరైన పరిధిలో పడిందా లేదా అన్న) నిర్ణయాలపై జట్టుకు రెండు సవాళ్ళు ఇచ్చారు, వాటిని ఎప్పుడు వాడాలన్నది కూడా తాజా ప్రశ్నే.

ప్రాజెక్టు చివర ఒకే ఒక పేజీ ఉండాలి, కోచ్ కోసం. ఒక బొమ్మ, మూడు వాక్యాలు. పునర్నిర్మాణాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఆర్ అండ్ డీ వాళ్ళు ఇరవై పేజీలు రాస్తారు, కోచ్ చదవడు. డబుల్‌-ఏ అనే కింది స్థాయి జట్టులో బ్యాటింగ్ కోచ్ బంతిని పైకి లేపి లాగి కొట్టమంటాడు, పైజట్టుకు వెళ్ళాక ఇంకొకాయన మధ్యలోకి కొట్టమంటాడు, కుర్రాడు రెంటికీ చెడతాడు. ఒక్కో జట్టుకు కింద ట్రిపుల్‌-ఏ, డబుల్‌-ఏ, హై-ఏ, సింగిల్‌-ఏ అని నాలుగు పూర్తి సీజన్ జట్లు, వాటి కింద శిబిర జట్లు, డొమినికన్ అకాడమీ ఉంటాయి. వీటన్నిటిలో ఒకే మాట వినిపించాలంటే కోచ్‌లను మార్చడం చాలదు, నిర్మాణం మారాలి. ఓరియోల్స్ దీనికి పట్టిన ఉపాయం బాగుంది: కింది జట్ల పిచింగ్ చూసిన క్రిస్ హోల్ట్‌కే 2021లో పైజట్టు పిచింగ్ కోచ్ పదవినీ, సంస్థ మొత్తం పిచింగ్ బాధ్యతనూ కలిపి ఇచ్చారు.

మీ అబ్బాయికి ఇందులో ఇంకో దారి ఉంది. కింది జట్లలో డెవలప్‌మెంట్ కోచ్, టెక్నాలజీ ఆపరేటర్, అప్రెంటిస్ అనే పేర్లతో ఉద్యోగాలు ఉంటాయి. పొద్దున్నే మైదానానికి వెళ్ళి హైస్పీడ్ కెమెరా, ట్రాక్‌మ్యాన్ బిగించాలి, ప్రతి బంతినీ సరైన ఆటగాడి పేరు మీద నమోదు చేయాలి, సాయంత్రం కోచ్‌లకు చూపించాలి. ఎండలో నిలబడే పని. కానీ కోచ్‌లతో మాట్లాడటం వచ్చిన అనలిస్టును ఏ జట్టూ వదులుకోదు. స్పానిష్ కొంచెం వచ్చినా చాలా విలువ, కింది జట్లలో ఆ భాష మాట్లాడే కుర్రాళ్ళే గుంపులుగా ఉంటారు.

అయితే వీసా ఉన్నవాళ్ళు ఈ దారిలో జాగ్రత్తగా నడవాలి. కింది జట్ల పనులు చాలావరకు సీజనల్, మార్చి నుంచి సెప్టెంబరు వరకే. మొదటి ఏడాది ఓపీటీలో (చదువయ్యాక పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, అక్టోబరులో కాంట్రాక్టు ముగిస్తే ఆ లెక్క మొదలవుతుంది. తర్వాతి 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్ళకిచ్చే) పొడిగింపుకు జట్టు ఈ-వెరిఫై అనే, ఉద్యోగి అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో ఉండాలి, ఐ-983 శిక్షణ పత్రంపై సంతకం పెట్టాలి, వారానికి కనీసం 20 గంటల జీతం పని ఉండాలి. హెచ్‌1బీ నమోదు మార్చిలో కాబట్టి ఆ లోపే జట్టు మాట ఇవ్వాలి. అమెరికా బయటున్నవారికి వేసే కొత్త పిటిషన్లపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. మధ్యలో తిరిగొచ్చేసి ఇక్కడినుంచి ప్రయత్నిద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. నిబంధనలు మారుతుంటాయి, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ఒకసారి సరిచూసుకోమనండి. స్పాన్సర్ చేస్తారా అన్నది మొదటి ఫోన్ ఇంటర్వ్యూలోనే అడగాలి. మొహమాటపడి చివరిదాకా ఆగితే రెండువైపులా సమయం వృథా.

స్థిరత్వం గురించి మీ బావమరిది భయం అర్థం లేనిదేమీ కాదు. 2023లో ఓరియోల్స్‌ను 101 ఆటల్లో గెలిపించి ఉత్తమ మేనేజర్ అవార్డు అందుకున్న బ్రాండన్ హైడ్‌నే 2025 మేలో తీసేశారు. కోచ్‌లు, స్కౌట్లు ముందు పోతారు. డేటాబేస్ నడిపేవాళ్ళకు కొంత రక్షణ ఎక్కువ, కొత్త యజమానికీ ఆ డేటాబేసే కావాలి కాబట్టి. జీతం మాత్రం టెక్ కంపెనీలకన్నా బాగా తక్కువ, అది తెలిసే దిగాలి. విద్యారుణం పెద్దదైతే ఈ ఒక్క అంశమే నిర్ణయం మార్చవచ్చు.

ఒక హెచ్చరిక. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారేటప్పుడు కోడ్ గానీ, పాస్‌వర్డ్ గానీ, ఫైలు గానీ వెంట తీసుకెళ్ళకూడదు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ స్కౌటింగ్ డైరెక్టర్‌గా ఉన్న క్రిస్ కొరియాకు, హ్యూస్టన్ ఆస్ట్రోస్ డేటాబేస్‌లోకి దొంగతనంగా చొరబడినందుకు 2016లో 46 నెలల జైలు శిక్ష పడింది. ఇంటర్వ్యూలో పాత జట్టు రహస్యాలు చెప్పి మెప్పిద్దామనుకునే అభ్యర్థిని ఎవరూ నమ్మరు కూడా.

ఇప్పటి నుంచి ప్రాజెక్టు ఒకటి జూలై లోపు పూర్తిచేసి బహిరంగంగా పెట్టమనండి. ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లోనూ, టీమ్‌వర్క్ ఆన్‌లైన్‌లోనూ జట్ల ప్రకటనలు వస్తాయి, ఆగస్టు నుంచి వారానికి రెండుసార్లు చూడాలి. అదే సమయంలో మామూలు డేటా ఉద్యోగాలకూ దరఖాస్తు చేయాలి, రెంటికీ కావలసిన నైపుణ్యం ఒకటే. ముందు టెక్ ఉద్యోగం వస్తే చేరిపోమనండి. సాయంత్రాలు బేస్‌బాల్ పని కొనసాగిస్తూ రెండేళ్ళ తర్వాత ఫ్రంట్ ఆఫీసులోకి వెళ్ళడం కూడా రాజమార్గమే, అప్పటికి హెచ్‌1బీ చేతిలో ఉంటే జట్టుకు తలనొప్పి తగ్గుతుంది. 2027 మార్చి వచ్చేసరికి ఏ జట్టూ రెండో దశ ఇంటర్వ్యూకు పిలవకపోతే లోపం ప్రాజెక్టులో ఉందన్నమాట. అప్పుడు మరో 50 దరఖాస్తులు పంపడం కన్నా ప్రాజెక్టును ఒక అనలిస్టుకు చూపించి ఎక్కడ పొరపాటు ఉందో అడగడం మంచిది.