ఎప్‌సెట్‌లో క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టేనా?

తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160కి 52 వచ్చాయి, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) దొరుకుతుందా అని అడిగారు. క్వాలిఫై అయితే అయ్యారు. 40 మార్కులు, అంటే 25 శాతం వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు ఆ షరతు కూడా లేదు. కానీ సీటు తేల్చేది ఈ 40 కాదు, కౌన్సెలింగ్‌లో ఆ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందన్నది. కాలేజీని, కేటగిరీని బట్టి, అబ్బాయా అమ్మాయా అన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. నిజం చెప్పాలంటే, 52తో ఆ సీటు మీద ఆశ పెట్టుకోకండి. నిరుటి లాస్ట్ ర్యాంకుల పట్టికలో మీ కేటగిరీ కాలమ్ చూసుకుని, వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో ఎంచుకునే కాలేజీ, బ్రాంచీలు, వీలైనన్ని ఎక్కువ పెట్టండి. ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు ఇచ్చే వాటాను, అంటే ఇంటర్ వెయిటేజీని, 2023లో పూర్తిగా తీసేశారు, అది ఉన్నప్పుడు రాసిన సీనియర్ల లెక్కలు మీకు పనికిరావు. జేఈఈ మెయిన్ సంగతి వేరు. అక్కడ ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌కు సుమారు రెండున్నర లక్షల మందిని పంపేలా కటాఫ్ పెడతారు. 2025లో జనరల్‌కు అది 93.10 పర్సంటైల్ (మార్కుల శాతం కాదు).