బీఎండబ్ల్యూను ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అన్నతో కలిసి రైస్ మిల్లు నడుపుతున్నాను. వయసు 43. 2022 దసరాకు నా పేరు మీద బీఎండబ్ల్యూ ఎం340ఐ కొన్నాను. ఆన్‌రోడ్ 82 లక్షలు పడింది. 34 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంకా 14 లక్షల లోన్ ఉంది, మూడేళ్లలో తీరుతుంది. పొడిగించుకున్న వారంటీ వచ్చే దసరాకు అయిపోతుంది. హైదరాబాద్ షోరూమ్ వాళ్లు దీన్ని 44 లక్షలకు ఎక్స్ఛేంజ్ తీసుకుని, 1.20 కోట్ల ఎస్‌యూవీ ఇస్తామంటున్నారు. వారంటీ పోతే రిపేర్లు భరించలేవని దోస్తులు భయపెడుతున్నారు. ఫర్మ్ పేరు మీద కొంటే పన్ను కలిసొస్తుందని కూడా అంటున్నారు. ఇంట్లో ఇన్నోవా ఉంది. ఈ ఏడాది మిల్లులో కొత్త సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మెషిన్) పెట్టాలి. పొద్దున్నే వాడపల్లి నుంచి నార్కట్‌పల్లి దాకా ఒక్కణ్నే ఈ కారు నడుపుకుంటూ వెళ్తే వారం టెన్షన్ అంతా దిగిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ చివరి మాట గురించి. ఉత్తరంలో అంకెలన్నీ రాశాక, అడగకపోయినా ఆ పొద్దుటి ప్రయాణం గురించి రాశారు. నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఇన్నోవా ఇంటి పనులన్నీ చేస్తున్నప్పుడు ఈ కారు అవసరం కోసం కాదు, ఇష్టం కోసం ఉంది. ఇష్టం మీద డబ్బు పెట్టడం తప్పని నేను అనను. మీరు కష్టపడి సంపాదించుకున్నారు. ఆ ఇష్టానికి ఏడాదికి ఎంత కడుతున్నారో మాత్రం మీకు తెలియాలి.

82 లక్షల కారు ఈరోజు నేరుగా అమ్మితే 46 లక్షలు వస్తుందనుకుందాం. అంటే 36 లక్షలు పోయాయి. లగ్జరీ కారు విలువ మొదటి మూడు నాలుగేళ్లలోనే బాగా పడిపోతుంది, ఆ తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను మారింది. అంతకుముందు జీఎస్టీ, సెస్సు కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది, ఇప్పుడు 40 శాతం. కొత్త కారు చవకైతే పాత కారు ధర కూడా దిగుతుంది. అది మీ చేతిలో ఉన్న విషయం కాదు, అంతకుముందే అమ్మలేదని బాధపడకండి. మీ డబ్బు ఎక్కువగా కరిగే కాలం ఇప్పటికే గడిచిపోయింది. ఇప్పుడు కొత్త కారు కొంటే ఆ కాలాన్ని ఇంకోసారి, ఇంకా పెద్ద అంకెతో మొదలుపెట్టినట్టే.

మూడేళ్ల లెక్క చూద్దాం. ఉన్న కారే ఉంచుకుంటే 46 లక్షల విలువ 30కి దిగుతుందనుకోండి, అక్కడ 16 లక్షలు. సర్వీసు, టైర్లు, వారంటీ పొడిగింపు అన్నీ కలిపి ఏడాదికి 3 లక్షల చొప్పున 9. ఇన్సూరెన్స్ 4. మిగిలిన లోన్ మీద వడ్డీ 2. మొత్తం 31 లక్షలు.

మార్చుకుంటే 44 లక్షల్లో లోన్ పోను 30 లక్షలు డౌన్ పేమెంట్ అవుతుంది. మిగతా 90 లక్షలు అప్పు. 9 శాతం వడ్డీకి ఐదేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 1.87 లక్షలు, మొదటి మూడేళ్లలో వడ్డీయే 18 లక్షలు. బండి విలువ 1.20 కోట్ల నుంచి 70 లక్షలకు వస్తే 50 లక్షలు పోయినట్టు. ఇన్సూరెన్స్ 7, సర్వీసు 3. మొత్తం 78 లక్షలు. అమ్మకం ధరలు నా అంచనా, అటూ ఇటూ కావచ్చు. కానీ రెండింటికీ 47 లక్షల తేడా ఉంది. అంచనా పది లక్షలు తప్పినా జవాబు మారదు.

ఆన్‌రోడ్ ధరలో ఏముంటుందో కూడా చూడండి. తెలంగాణలో 50 లక్షలు దాటిన కొత్త కారుకు లైఫ్ టాక్సే ధరలో దాదాపు ఐదోవంతు. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు దాన్ని విడిగా లెక్కగట్టి ఇవ్వరు. బిల్లులో 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మీ దగ్గర ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను కూడా ఉంటుంది. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. 2022లో కట్టినది అప్పుడు క్లెయిమ్ చేశారో లేదో మీ ఆడిటర్‌ను ఒకసారి అడగండి.

ఇక రిపేర్ల భయం. అది ఉత్త భయం కాదు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 387 హార్స్‌పవర్. ఇలాంటి బండిలో పెద్ద భాగం ఏది పోయినా బిల్లు లక్షల్లో ఉంటుంది. నాకు తెలిసిన సూర్యాపేట వ్యాపారి ఒకాయన ఇలాంటి కారు వారంటీ గడువును నెల రోజులు దాటనిచ్చారు. ఆ తర్వాత గేర్‌బాక్స్ తేడా చేసింది. ఆ బిల్లు కట్టడానికి మిల్లు ఖాతాలో నుంచి డబ్బు తీశారు. నాలుగేళ్లు బాగా నడిచిన కారే, కానీ దానికంటూ పక్కన పెట్టిన డబ్బు లేకపోయింది. మీరు నెలకు 25 వేల రికరింగ్ డిపాజిట్ ఒకటి ఈ కారు కోసమే మొదలుపెట్టండి. వారంటీని ఇంకా పొడిగించే వీలుందేమో కంపెనీని అడగండి. గడువు దాటాక అడిగితే ఇన్‌స్పెక్షన్లు, షరతులు పెడతారు, ఒక్కోసారి ఇవ్వమనే అంటారు.

టైర్లు ఆ వారంటీలోకి రావు. ఈ కారు టైర్లకు పక్క గోడ తక్కువ. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చిన రోజుల్లో మీరు పొద్దున్నే వెళ్తుంటారు కదా, ఒక్క రాయి చాలు. ఇన్సూరెన్స్‌లో టైర్ కవర్ తీసుకోండి. కారుకు ఐదేళ్లు దాటాక జీరో డెప్ (తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) చాలా కంపెనీలు ఇవ్వవు. ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్‌లో కారుకు కట్టే విలువ కూడా అప్పటినుంచి మీరూ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకోవాల్సిందే. రెన్యువల్‌కు ముందు రెండు మూడు చోట్ల అడగండి.

ఫర్మ్ పేరు మీద కొనే సంగతి. కారు మీద కట్టిన జీఎస్టీకి మీ మిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మిల్లు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోలేరు, చట్టమే దాన్ని ఆపింది. తరుగుదల ఏడాదికి 15 శాతం చూపొచ్చు. కోటి రూపాయల కారుకు మొదటి ఏడాది 15 లక్షలు ఖర్చు రాస్తే, 31.2 శాతం చొప్పున ఆదా అయ్యే పన్ను 4.68 లక్షలు. ఏటేటా అది తగ్గుతూ పోతుంది. సొంత తిరుగుడు ఎంతో అధికారి అడిగితే ఆ మేరకు కొట్టేస్తారు కూడా. అంత పన్ను మిగులుతుందని అరకోటి పోగొట్టుకోకండి. మీ బీఎండబ్ల్యూ మీ సొంత పేరు మీద ఉంది కాబట్టి, అమ్మినప్పుడు వచ్చే నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకునే వీలు లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది సార్టెక్స్. వడ్లు దిగే రోజుల్లో మీ సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలో బ్యాంకు ఇచ్చిన అప్పు పరిమితి నిండా వాడుకుంటారు. సార్టెక్స్‌కు టర్మ్ లోన్ అడుగుతారు. బ్యాంకు మీ సిబిల్ (అప్పుల చరిత్ర) తీస్తుంది, అందులో 1.87 లక్షల ఈఎంఐ కనిపిస్తుంది. ఇప్పుడున్న కారు ఈఎంఐ నలభై అయిదు వేల లోపే ఉండాలి. మిల్లు అప్పుకు హామీదారైన మీ మీద ఇంత భారం పడ్డాక, లిమిట్ పెంచమంటే మేనేజరు వెనకాడడా? మెషిన్ బియ్యంలో రంగు మారిన గింజ తీసి రేటు తెస్తుంది. రెండిట్లో ఏదో ఒకదానికే అప్పు పుట్టే పరిస్థితి వస్తే ఏది ముందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ అన్నకు ఈ ఈఎంఐ సంగతి చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. భాగస్వామిగా ఆయనకు తెలియాలి.

కాబట్టి నా సలహా: కారు ఉంచుకోండి. ఎస్‌యూవీ వద్దు. ఆ ఇంజన్ మీద మనసు పడి కొన్నవారికి ఎత్తైన పెద్ద బండిలో అదే హాయి దొరకదని కూడా నా నమ్మకం. సార్టెక్స్‌కు మార్జిన్ డబ్బు (లోన్ పోను మీరు పెట్టాల్సిన వాటా) తక్కువైతే మాత్రం కారు అమ్మేయండి. లోన్ పోను చేతికొచ్చే 32 లక్షలు సీసీలో వేసినా, 10.5 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 3.36 లక్షలు మిగులుతాయి. బాధగానే ఉంటుంది, కానీ అది మిల్లును నిలబెట్టే అమ్మకం.

అమ్మే పరిస్థితి వస్తే ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకుండా విడిగా అమ్మండి. రొక్కం ఇస్తామని వచ్చేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఒక అమ్మకం మీద రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా కింద కట్టాల్సి రావచ్చు. లోన్ తీరిందని బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చుకుని, పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద సంతకాలు చేశాక ఆర్సీ వాళ్ల పేరుకు మారేదాకా వదలకండి. ఆర్సీలో పేరు ఎవరిదుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కారుది కాదు, మీది. లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు ఇంకో కారుకు వాడుకోవచ్చు.

దసరాకు వారంటీ అయిపోతుంది, ఆ వెనకే వానకాలం వడ్లు మిల్లుకొస్తాయి. అప్పుడు మీకు ఫోన్ ఎత్తే తీరికే ఉండదు. వారంటీ కొటేషన్ ఆగస్టులోనే తెప్పించుకుని, అన్నతో కూర్చుని సార్టెక్స్ లెక్క పక్కన పెట్టి చూడండి.